మనిషి వెనకాల అడవి

పొద్దున్న ఆఫీసులో కంప్యూటర్ ఇంకా తెరుచుకోకముందే ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇండియా నంబరు, నాకు తెలియనిది. ఒక అమ్మాయి గొంతు. "సార్, మీ దగ్గర సర్వే కర్ర పట్టుకునేవారు చూడండి, ఆయన కూతుర్నండి. నాన్న మొన్న ఆదివారం పోయేరండి. ఈలు చూసుకుని ఒకసారి ఫోన్ చెయ్యండి, మిమ్మల్ని ఒకటి అడగాలి."

రెండుసార్లు విన్నాను. పక్క సీటులో కూర్చునే మలయాళీ ఇంజనీరు నా మొహం చూసి ఏమైందన్నాడు. మన హెల్పర్ ఒకాయన పోయాడన్నాను. ఏ హెల్పర్ అన్నాడు. ఈ కంపెనీలో హెల్పర్లు వస్తుంటారు, పోతుంటారు, ఎవరని చెప్పాలి? గింజలు ఉమ్మే ఆయన అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆయన పేరు రాయను. కాగితం ఎక్కిన ప్రతిసారీ ఆ పేరుకి ఏదో ఒక నష్టమే జరిగింది. అందులో ఒకటి నా చేతి మీదుగా జరిగింది.

గోదావరి పైనున్న ఏజెన్సీ కొండల మనిషి. వాళ్ళ కొండ మీదికి రోడ్డు వేస్తున్నప్పుడు సర్వే వాళ్ళకి కొలత గొలుసు మోశాడట. ఆ రోడ్డు మేస్త్రీ వెంటే కిందికి దిగి, ఒక ఏజెంటు చేతిలో పడి, చివరికి మస్కట్‌లో తేలాడు. నేను సర్వేయర్‌ని. కొలవడం, గీయడం నా పని. నేను కొలిచే మిషన్ వెనక నిలబడితే ఆయన కర్ర పట్టుకుని ఎదర నిలబడేవాడు. నాలుగేళ్ళు మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఓ రెండొందల మీటర్ల ఎండ ఉండేది.

రెండు చేతులూ కర్ర మీదే ఉంటాయి కాబట్టి ఏదైనా చూపించాలంటే గడ్డంతో చూపించేవాడు. ఎడమకి అంటే గడ్డం ఎడమకి, వెనక్కి అంటే గడ్డం పైకి. ఆ అలవాటు చేతులు ఖాళీగా ఉన్నప్పుడు కూడా పోలేదు. క్యాంపు మెస్సులో పప్పు గిన్నె అందుకోమని గడ్డంతోనే చెప్పేవాడు. కొత్తవాళ్ళు పొగరనుకునేవారు.

మిషన్ కంటిలోంచి చూస్తే ఆయన బుగ్గ ఎప్పుడూ ఒక పక్క ఉబ్బి కనిపించేది. ఖర్జూరపు గింజ. పొద్దున్న తిన్న పండు గింజని మధ్యాహ్నం దాకా నోట్లో తిప్పుతూనే ఉండేవాడు. దాహం వెయ్యదట. పని అయ్యాక చుట్టూ ఒకసారి చూసి, నచ్చిన చోట ఉమ్మి, దాన్ని మడమతో నొక్కి, ఆ మడమని అటూ ఇటూ రెండుసార్లు తిప్పేవాడు. ఏ పండు తిన్నా అంతే. గింజని చెత్తడబ్బాలో వెయ్యడం నేను చూడలేదు. ఒకసారి సీబ్‌లో పెట్రోలు బంకు దగ్గర పూలమడిలో మామిడి టెంక పాతుతుంటే అక్కడి మనిషి కేకలేశాడు. ఈయన వినయంగా తల వంచుకుని విని, పాతడం పూర్తి చేసి వచ్చి బండెక్కాడు.

రుసైల్‌లో మా కంపెనీ కూలీల క్యాంపు. రేకుల రూములు, ఒక్కో రూముకి వెనక ఏసీ గొట్టం, గొట్టం చివర బొట్టు బొట్టు నీళ్ళు. ప్రతి బొట్టు కిందా ఈయన ఒక గింజ పెట్టాడు. ఖర్జూరం, చింత, సీతాఫలం. చేతెడు ఎత్తు రాగానే క్యాంపు బాస్ పీకించేవాడు, దోమలొస్తాయని. మర్నాడే అదే గుంటలో ఇంకో గింజ పడేది. ఒకసారి నాకే ఒళ్ళు మండి, ఎందుకీ పని, పీకేస్తున్నాడు కదా అన్నాను. "పీకేవోడు పీకుతాడండి, పెట్టేవోడు పెడతాడు. ఎవులి డ్యూటీ ఆళ్ళది" అన్నాడు. కోపంగానో జ్ఞానిలాగానో కాదు, టైమెంతైందని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

ఆయనతో నా అసలు పరిచయం వాదీలో జరిగిందనాలి. లోపలి ఊళ్ళకి వెళ్ళే పాత రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అది ఒక వాదీని దాటుతుంది. వాదీ అంటే ఏడాదంతా ఎండి, వానొస్తే ఒక్క రోజు ఏరైపోయే రాళ్ళదారి. దాని గట్టు మీద రేగిచెట్ల తోపు ఉంది. ఇక్కడి వాళ్ళు సిద్ర్ అంటారు, మన రేగికి పెద్దక్కలాంటి చెట్టు, మాను పట్టుకోవాలంటే ఇద్దరు కావాలి. ఈ దేశంలో వాటిని ఊరికే నరకనివ్వరు. రోడ్డుకి అడ్డమొచ్చే ప్రతి చెట్టుకీ నంబరు కట్టి, చుట్టుకొలత తీసి, పుస్తకంలో రాసి, పై ఆఫీసుకి పంపాలి. ఆ పని మా ఇద్దరికీ వచ్చింది.

టేపు పట్టుకుని వెళ్ళిన మనిషి మొదటి చెట్టు దగ్గరే ఆగిపోయాడు. మాను మీద అరచెయ్యి పెట్టి, తోపంతా గడ్డంతో ఒక చుట్టు చుట్టి, ఇక్కడ ఊరుండేదండి అన్నాడు. నేను నవ్వాను. నాకు కనిపించినవి రాళ్ళూ, మేకపెంటికలూ. ఆయన మాత్రం వరసగా చూపించుకొచ్చాడు. వరద ఎక్కే గీత ఎక్కడుందో చూడమన్నాడు. తనంతట మొలిచిన చెట్లు గీత కింద, నీళ్ళు పోయే దారి వెంట చెదురుగా ఉన్నాయి. ఈ తోపు గీతకి పైన, వరద అందని చోట, గుంపుగా ఉంది. గుంపులో అన్నీ తినే కాయలవే, మధ్యలో పనికిరాని ముళ్ళచెట్టు ఒక్కటీ లేదు. "తిన్నచోట ఒక చెట్టండి, చెంబట్టుకెళ్ళిన చోట ఇంకోటి. ఊరు పోద్ది, చెట్లు చెప్తాయి" అన్నాడు.

అక్కడితో ఊరుకోలేదు. మడమతో నేలని గీకాడు. వేలెడు లోతున నల్లగా కాలిన రాళ్ళు తగిలాయి. వాటి మధ్య ఒక గవ్వ, సముద్రపుది. సముద్రం అక్కడికి బండిలో గంట పైన. గవ్వ నడిచి రాదు కదండీ అన్నాడు. మా ఒమానీ డ్రైవరు కూడా వచ్చి చూశాడు. వాళ్ళ నాయనమ్మ ఈ చెట్ల ఆకు నూరి తలకి రుద్దుకునేదనీ, ఎవరు పెట్టారో ఆవిడకీ తెలియదనీ చెప్పాడు. ఎన్ని తరాల కిందటి ముచ్చటో, ఎవరో సముద్రం ఒడ్డు నుంచి గవ్వలు మూట కట్టుకుని, దారిలో కాయలు తింటూ వచ్చి ఇక్కడ పొయ్యి వెలిగించుకున్నారు. వాళ్ళకి పేరు లేదు, రాత లేదు, ఇనుము కూడా ఉండి ఉండదు. తిని ఊశారు, అంతే.

మా అమ్మాయి సోషల్ పుస్తకంలో ఆదిమానవుడు అడవిలో బతికాడని ఉందన్నాను. అడవే ఆడి కాడ బతికిందేమోనండి అన్నాడు. వాళ్ళ కొండలో ఆయన చూసింది అదేనట. పోడు కొట్టేటప్పుడు మామిడిని, పనసని, ఇప్పని, చింతని ముట్టుకోరు. మిగతాది నరికి కాలుస్తారు. నాలుగు పంటలు తీసి వదిలేస్తారు. వదిలిన చోట మళ్ళీ అడవి లేచేసరికి అందులో తినే చెట్లే ఎక్కువుంటాయి. ఆ మాట చెబుతూ, "మనిషి వెనకాల అడవి నడిచొస్తదండి, కుక్కలాగ" అన్నాడు.

ఆ పుస్తకంలో ప్రతి చెట్టుకీ ఎదురుగా ఒక గడి ఉంది. తనంతట మొలిచిందా, ఎవరైనా నాటారా అని. నాటింది అని రాస్తే నాటినవాడి పేరు రాయాలి. పేరు లేకపోతే ఉత్తరాలు మొదలవుతాయి, పని ఆగుతుంది. ఆ సంగతి మేనేజరు ముందే చెప్పి పంపాడు. నేను మొదటి నుంచి చివరి దాకా అన్ని గడుల్లోనూ తనంతట మొలిచింది అని ఇంగ్లీషులో రాసేశాను. ఆయన నా భుజం మీదుగా పుస్తకంలోకి తొంగి చూసి, ఏం రాశారండీ అని అడిగాడు. చదవడం రాదు కదా అని ధైర్యం. నువ్వు చెప్పిందే రాశానన్నాను.

తలాడించాడు. ఆ తోపులో రోడ్డుకి అడ్డమొచ్చినవి తర్వాత లేచిపోయాయి. ఆ రోజు ఆయన సెలవు పెట్టాడో, నేనే వేరే సైటుకి పంపానో గుర్తులేదు. నేనే పంపి ఉంటాను.

ఆ తర్వాత నెలకి, ఒక శుక్రవారం పొద్దున్నే, చెప్పకుండా వాదీ కబీర్ పేటలో ఉన్న మా ఇంటికొచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సోఫా చూపిస్తే చాప మీద కూర్చున్నాడు. మా ఆవిడ ఉప్మా పెడితే జీడిపప్పులు ఒక పక్కకి తీసి పెట్టి చివర్లో తిన్నాడు. అప్పుడు చెప్పాడు సంగతి.

వాళ్ళ ఊరు ఒకప్పుడు కొండ నడుమున ఉండేది. తాతల కాలంలో సర్కారు వాళ్ళని కొండ కిందికి దింపేసింది. కానీ పైనున్న పాతూరి చెట్లే ఇప్పటికీ వాళ్ళకి తిండి. ఆ నేలకి పట్టా ఇమ్మని పెట్టుకున్న దరఖాస్తు ఒకసారి తిరిగొచ్చింది, అక్కడ మీరున్నట్టు ఆధారం లేదని. రెండోసారి వేసుకోవడానికి గడువిచ్చారు. ఈసారి కూడా పోతే అది అడవి ఖాతాలో పడిపోతుంది, ఇక కాలు పెట్టనివ్వరు. ఆధారం అంటే కాగితం. ఆయన దగ్గర ఉన్నవి చెట్లు. "ఆ చెట్లు మా ఓళ్ళు పెట్టినయ్యని మీరు గీసి ఇయ్యండి సారూ. మీరు గీస్తే ఆఫీసోళ్ళు నమ్ముతారు" అన్నాడు.

సరేనన్నాను. నాలుగు శుక్రవారాలు కూర్చున్నాం. కింద వర్క్‌షాపులకి సెలవు, వీధంతా నిశ్శబ్దంగా ఉండేది. ఉపగ్రహం తీసిన బొమ్మలో వాళ్ళ కొండని చూపిస్తే ఆయన గుర్తుపట్టలేదు, నాచు పట్టిన రాయిలా ఉందన్నాడు. తర్వాత కళ్ళు మూసుకుని, చూపుడువేలు చాప మీద పెట్టి, కొండెక్కడం మొదలుపెట్టాడు. వేలు ఒక్కో చోట ఆగేది. ఇది ముత్తవ్వ చింత. ఇది కానుపు పనస, కట్టెలకెళ్ళిన మనిషి దీని కిందే ప్రసవించింది. ఇది తగువు మామిడి, రెండిళ్ళ మధ్య ఉంది. ఆయన వేలు ఆగిన ప్రతిచోటా నా తెర మీద ఒక చెట్టు తల కనిపించేది. పాతికేళ్ళుగా మిషన్ల వెనక నిలబడుతున్నాను, ఇంత సరిగ్గా కొలిచిన మనిషిని చూడలేదు.

కొన్ని చెట్ల దగ్గర వేలు కాస్త ఎక్కువసేపు ఆగేది. ఇవి మావి కావండి, మాకన్నా ముందోళ్ళవి అనేవాడు. ఎవరు వాళ్ళు అంటే తెలియదన్నాడు. వాళ్ళ నాన్నకి అలాంటి ఒక చింత వేళ్ళలో రాతి గొడ్డలి దొరికిందట, అరచేతిలో పట్టేంత. కింద ఊళ్ళవాళ్ళు అది పిడుగురాయి అన్నారు, ఆకాశం నుంచి పడిందన్నారు. "పిడుక్కి పదునెవులు పెడతారండి?" అని నన్నడిగాడు.

పొయ్యిరాళ్ళు కూడా పెట్టమన్నాడు. బండ మీద దంచి దంచి గుంటలు పడిన చోట్లున్నాయి, మేకల దొడ్డిగోడ పునాది ఉంది, అవీ పెట్టమన్నాడు. నేను ఒప్పుకోలేదు. చెట్ల కిందున్నవి పై నుంచి కనిపించవు. కనిపించనిదాన్ని, కొలవనిదాన్ని గీయడం మా పనిలో తప్పు. చెట్లయితే ఎవరూ కాదనలేరు, బొమ్మలో ఉన్నాయి అని వివరించాను. ఆయన సరేనండి, మీకు తెలుసు అన్నాడు. నాకు తెలుసుననే నేనూ అనుకున్నాను.

రెండొందల పైచిలుకు చెట్లు. ఒక్కో చెట్టుకీ ఒక ఆకుపచ్చ గుండ్రం, దాని కొమ్మలెంత మేర పరుచుకున్నాయో అంత. పక్కన నంబరు, అన్ని చెట్లకీ కలిపి ఒకటే వరస. చింతకి చిం, పనసకి ప. ఉత్తరం గుర్తు, కొలత గీత, అడుగున నా పొట్టి సంతకం. మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు ప్రింటర్ మీద పెద్ద కాగితానికి తీశాను. ఎంత అందంగా వచ్చిందంటే, ఇంకో కాపీ తీసి నా దగ్గర పెట్టుకున్నాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఊరికెళ్ళే మనిషి చేత పంపించాం. డిగ్రీ చదివిన కూతురు దాన్ని దరఖాస్తుకి జత చేసింది.

జవాబు వచ్చిన రోజు సైట్‌లో ఉన్నాం. ఎండ విరామంలో నీళ్ళ ట్యాంకు నీడన కూర్చున్నాం. ఆయన ఫోన్ మోగింది. కూతురు చదివి వినిపించింది, ఈయన స్పీకర్ పెట్టి నా వైపు జరిపాడు, నాకూ వినపడాలని. దరఖాస్తు చేసుకున్నవారు స్వయంగా ఇచ్చిన పటం ప్రకారమే అక్కడ దట్టమైన అడవి ఉంది. ఇల్లు గాని, పొయ్యి గాని, గోడ గాని, మనుషులున్న గుర్తు ఒక్కటీ ఆ పటంలో లేదు. కాబట్టి కొట్టివేయడమైనది. పటం మాత్రం చాలా బాగా గీశారని అక్కడి ఆఫీసరు మెచ్చుకున్నాడట.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను చేసినదానికి సామెత కూడా దొరకదు. ఒక ఊరిని తీసుకొచ్చి నా చేతుల్లో పెడితే అడవి చేసి ఇచ్చాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన రొట్టె తిన్నాడు. చేతులు దులుపుకున్నాడు. తర్వాత, నన్ను కాదు, ఎదురుగా ఉన్న కొండని చూస్తూ అడిగాడు.

"మా పెద్దోళ్ళు చెట్లు తక్కువ పెట్టుంటే బావుండేదా సారూ?"

ఏదో ఒకటి అనాలని, అవమానం భరించలేక, వాదీ దగ్గర నేను చేసిన పని కూడా బయటపెట్టేశాను. ఆ రోజు పుస్తకంలో నువ్వు చెప్పింది రాయలేదు, అబద్ధం చెప్పాను అన్నాను. తెలుసండి అన్నాడు. చదువు రాదు కదా, ఎలా తెలుసు అన్నాను. "నేను కొన్ని మొలిసినయ్యి, కొన్ని పెట్టినయ్యి అని రెండు రకాలుగా చెప్పేనండి. మీరు అన్ని గడుల్లో ఒకే బొమ్మ రాసేరు" అన్నాడు.

మరి తెలిసీ మ్యాపు కోసం నా దగ్గరికే ఎందుకొచ్చావని అడిగాను. "ఇంకెవులున్నారండి" అన్నాడు. దెప్పడం కాదది. ఎంత వెతికినా ఆ గొంతులో నాకు దెప్పు దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది.

మళ్ళీ దరఖాస్తు వేద్దామన్నాను. తెలిసిన లాయరుని అడిగాను, పొయ్యిరాళ్ళు పెట్టి కొత్త మ్యాపు గీస్తానన్నాను. మొదట మీరే అడవి అని చూపించి ఇప్పుడు ఊరు అంటే ఎవరు నమ్ముతారన్నాడు లాయరు. ఆ మాట నిజమే. ఆ చలికాలంలో ఆయనకి దగ్గు పట్టుకుంది, కంపెనీ వీసా పొడిగించలేదు. ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. లోపలికెళ్తూ గడ్డంతో నాకు సెలవు చెప్పాడు.

ఇవాళ మధ్యాహ్నం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. చివరి రోజులు ఎలా గడిచాయో చెప్పింది. పైకి, పాతూరికి తీసుకెళ్దామంటే అడవిలోకి రాకూడదని బోర్డు పెట్టేశారట, మనిషిని కాపలా ఉంచారట. కిందే, కాలనీ వెనక, రోడ్డు పక్కన పూడ్చారు. అక్కడ ఒక్క చెట్టూ లేదంది. తర్వాత అడగాల్సింది అడిగింది.

"మా ఇంట్లో ఎవరు పోయినా పూడ్చిన చోట కాళ్ళకాడ ముత్తవ్వ చింతగింజ పెడతామండి. తెచ్చి పెట్టేది నాన్నే. పైన చింతలు చాలా ఉన్నాయి, అందులో ఏదో నాన్నకి తప్ప తెలీదు. అమ్మ కింద ఊరి మనిషి. మా దగ్గరున్న మ్యాపులో అన్నీ నంబర్లేనండి. మీకు అన్నీ పేర్లతో చెప్పేనన్నారు నాన్న. ఏ నంబరో చెప్తే, కాపలా ఆయన లేనప్పుడు ఎళ్ళి ఒక్క కాయ తెచ్చుకుంటాం."

ఒక్క నిమిషం అమ్మా అని కంప్యూటర్లో ఫైలు తెరిచాను. ఆకుపచ్చ గుండ్రాలు తెర నిండా పరుచుకున్నాయి. చింతలు ముప్పై పైన ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు. ఆయన పేర్లు చెబుతున్నంతసేపూ వింటూ నంబర్లు వేసుకుంటూ పోయాను, పటంలో పేర్లకి చోటు చాలదని. ఏ శుక్రవారం చెప్పాడు, వేలు కొండకి ఏ పక్కనుంది, ముందు పనస చెప్పాడా చింత చెప్పాడా, ఎంత తవ్వుకున్నా చాప మీద కదిలే వేలు తప్ప ఏమీ గుర్తు రావడం లేదు.

తెలియదమ్మా అనాలి. ఒక్క మాట. అవతల ఆ పిల్ల కాగితం, పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నలభై ఒకటి" అన్నాను.

"నలభై ఒకటి. రాసుకున్నానండి" అంది.